మన ఊరి బస్సుకు జవాబు చెప్పాల్సింది ఎవరు? నెల్లూరు, ఒంగోలు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

రావాల్సిన బస్సు రాకపోతే కాసేపు చూసి, విసుక్కుని, షేర్ ఆటో ఎక్కేస్తాం. మన విసుగు ఎక్కడా నమోదు కాదు. ఆ ట్రిప్పు నడవలేదన్న సంగతి మాత్రం డిపో రికార్డులోకి ఎక్కుతుంది, కారణంతో సహా. ఆ రికార్డు ఏదో తెలిసి అడిగినవాళ్లకు జవాబు వస్తుంది. "బస్సులు సరిగా రావడం లేదండీ" అన్నవాళ్లకు "చూస్తాంలెండి" అన్న మాట వస్తుంది. ఏ రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని ఎలా అడగాలి అన్నదే ఈ పేజీలో ఎక్కువగా ఉంటుంది.

సిటీ బస్సులు కార్పొరేషన్‌వా, ఆర్టీసీవా?

రెండు నగరాల్లోనూ బస్సులు నడిపేది ఏపీఎస్‌ఆర్టీసీయే. కార్పొరేషన్ కమిషనర్‌కు బస్సు టైమింగ్ గురించి అర్జీ ఇస్తే అది అటూ ఇటూ తిరిగి చివరికి ఆర్టీసీకే చేరుతుంది, నెల రోజులు పోతాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. వాళ్లను ప్రజా రవాణా శాఖ కిందికి తెచ్చారు. సంస్థ మాత్రం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద అలాగే కొనసాగుతోంది. అందుకని సిబ్బంది నియామకాలు, ఖాళీల గురించి అడిగితే "అది ప్రభుత్వం చూసుకోవాలి" అంటారు. రూటు, టైమింగ్, బస్సు కండిషన్ గురించి అయితే ఆ మాట చెల్లదు, అవి పూర్తిగా సంస్థ పనులు. జిల్లా స్థాయిలో జిల్లా ప్రజా రవాణా అధికారి, ఆయన కింద డిపో మేనేజర్లు ఉంటారు. జిల్లా అధికారిని జనం ఇంకా పాత అలవాటుగా ఆర్‌ఎం (రీజనల్ మేనేజర్) అంటుంటారు. పిలుపు ఏదైనా, రోజువారీ బస్సు విషయంలో మొదటి జవాబుదారీ డిపో మేనేజరే (డీఎం).

బస్సు ఏ డిపోదో ఎలా తెలుసుకోవాలి?

బస్సు మీద డిపో పేరు రాసి ఉంటుంది. టికెట్ మీద కూడా వస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరులో 26 ఉంది కదా అని నెల్లూరు డిపో బస్సు అనుకోవద్దు, బస్సులు డిపోల మధ్య మారుతుంటాయి. జిల్లా పేరు మీద కూడా ఆధారపడవద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు నెల్లూరులోకి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా మార్పులు వచ్చాయి. సరిహద్దు ఊళ్లలో ఇప్పటికీ అర్జీలు తప్పు జిల్లా ఆఫీసుకు పోయి మూలన పడుతున్నాయి. ఏ జిల్లా అని కాదు, ఏ డిపో అని అడగండి.

నెల్లూరులో రెండు డిపోలున్నాయి, ఒకటి, రెండు. ఒకే రూటులో ఉదయం ట్రిప్పు ఒక డిపోది, సాయంత్రం ట్రిప్పు రెండోదానిది కావచ్చు. డిపో నంబరు లేకుండా "నెల్లూరు డీఎం గారికి" అని రాసిన కాగితాన్ని ఇద్దరూ తమది కాదనుకునే వీలుంది.

బస్సు రాలేదు. వెంటనే ఏం రాసుకోవాలి?

నాలుగు ముక్కలు చాలు: తేదీ, మీరు నిలబడిన స్టాపు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లే ఎన్ని గంటల బస్సు, మీరు ఎంతసేపటి వరకు చూశారు. ఫోన్‌లో స్టాపు బోర్డు కనిపించేలా ఒక ఫొటో తీస్తే సమయం దానంతటదే నమోదవుతుంది. ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్‌లో ఆ సర్వీసు చూపించకపోతే ఆ తెర కూడా స్క్రీన్‌షాట్ తీయండి.

ఒక్క రోజు రాలేదని ఫిర్యాదు చేస్తే "బ్రేక్‌డౌన్ అయింది" అన్న ఒక్క మాటతో సరిపెడతారు, అది నిజం కూడా కావచ్చు. అదే ట్రిప్పు రెండు వారాల్లో ఐదారుసార్లు రాలేదని తేదీలతో చెబితే ఆ జవాబు సరిపోదు. కాలేజీ పిల్లలు, ఆసుపత్రి ఆయాలు, మార్కెట్‌కు వెళ్లేవాళ్లు రోజూ అదే బస్సుకు నిలబడతారు. వాళ్లలో ముగ్గురు వంతులవారీగా రాసుకున్నా పట్టిక తయారవుతుంది.

అసలు ట్రిప్పులు ఎందుకు రద్దవుతాయి?

డిపోలో రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. షెడ్యూళ్లు ఇన్ని, వచ్చిన డ్రైవర్లు ఇందరు, గ్యారేజీ నుంచి బయటికొచ్చిన బస్సులు ఇన్ని. ఈ మూడూ సరిపోతే అన్నీ కదులుతాయి. ఒకటి తక్కువైతే కంట్రోలరు ఏదో ఒక సర్వీసు ఆపాలి. హైదరాబాద్, బెంగళూరు సర్వీసులకు ముందే రిజర్వేషన్ ఉంటుంది కనుక వాటిని ముట్టుకోరు. ఆదాయం తక్కువ వచ్చే సిటీ ట్రిప్పు మీదో పల్లెవెలుగు మీదో వేటు పడుతుంది. రోజూ అదే రూటు బలి కావడానికి కారణం ఇదే. ఎవరో కక్షగట్టి చేసేది కాదు గానీ, ఆ రూటు జనం అడగరని అలవాటుగా చేసేది.

రికార్డుల్లో సాధారణంగా కనిపించే కారణాలు కొన్ని ఉన్నాయి. డ్రైవరు లేడు: సెలవులు, వారాంతపు ఆఫ్, రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు విశ్రాంతి ఇవ్వాల్సి రావడం. బస్సు లేదు: ఫిట్‌నెస్‌కు వెళ్లింది, స్పేర్ పార్టు రాలేదు, స్పేర్ బస్సు ఇంకో రూటుకు పోయింది. మూడోది స్పెషల్స్. సంక్రాంతి రద్దీకి, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు, పెద్ద సభలకు అద్దెకు బస్సులు మళ్లిస్తారు. పండుగకు బస్సులు వేయడం తప్పేమీ కాదు. ముందే తెలిసిన పండుగకు రోజువారీ ట్రిప్పులు ఎన్ని ఆగుతాయో స్టాపులో ఒక కాగితం అంటించకపోవడం తప్పు. సభలకు అద్దె బస్సుల సంగతి వేరు. దానికి సంస్థకు డబ్బు ముట్టింది. అది ఎంతో, ఆ రోజు ఎన్ని షెడ్యూళ్లు ఆపారో అడిగే హక్కు మనకుంది.

ఒక జాగ్రత్త. డ్రైవర్ల కొరత ఉన్న డిపోలో "బస్సు ఎలాగైనా నడపండి" అని ఒత్తిడి తెస్తే డబుల్ డ్యూటీలు పెరుగుతాయి. నిద్రలేని డ్రైవరు నడిపే బస్సు రాని బస్సుకన్నా ప్రమాదం. కాబట్టి ట్రిప్పుల లెక్కతో పాటు ఆ నెలలో డబుల్ డ్యూటీలు ఎన్ని వేశారన్నదీ అడగండి.

ఫిర్యాదు మొదట ఎక్కడ చేయాలి?

ఆ పూటే తేలాల్సిన విషయమైతే ఆర్టీసీ కాల్ సెంటర్ 149, లేదా 0866-2570005. స్టాపులో ఆపలేదు, దురుసుగా మాట్లాడారు, బస్సు ఎక్కడుందో తెలియదు లాంటివి ఇక్కడ చెప్పవచ్చు. బస్సు నంబరు చెప్పలేకపోతే సమయం, స్టాపు, ఎటు వెళ్తోందో చెప్పండి.

తరచూ జరిగే సమస్య అయితే డిపో మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు కాదు. "డయల్ యువర్ డీఎం" జరిపే రోజు, ఫోన్ నంబరు దినపత్రికల జిల్లా ఎడిషన్‌లో వేస్తారు. అందులో చెప్పిన సమస్యలు మర్నాడు పేపర్లో వస్తాయి కనుక కొంత కదలిక ఉంటుంది. కానీ ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా అదే విషయం కాగితం మీద కూడా ఇవ్వండి.

వారం పది రోజుల్లో ఏమీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. నెల్లూరులో తిక్కన ప్రాంగణంలో జరుగుతుంది. వెళ్లలేకపోతే 1100కు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు, మీకోసం పోర్టల్‌లోనూ పెట్టవచ్చు. అర్జీ నంబరు తీసుకోవడం మరిచిపోవద్దు.

"సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. బస్సు మాత్రం రావడం లేదు. ఇప్పుడేం చేయాలి?

అర్జీలు గడువులోపు మూయాలన్న ఒత్తిడి అధికారుల మీద ఉంటుంది. "సంబంధిత సిబ్బందికి తగు సూచనలు ఇవ్వడమైనది" అని రాసి మూసేస్తారు. మళ్లీ తెరిపించమని అడగండి, కానీ అదే అర్జీని అదే మాటల్లో పెట్టవద్దు. మూసిన తేదీ తర్వాత కూడా ట్రిప్పు రాని రోజులను జతచేయండి. "ఫలానా తేదీన సూచనలిచ్చామన్నారు, ఆ తర్వాత ఈ నాలుగు తేదీల్లో బస్సు రాలేదు" అని ఉంటే మూసినవాళ్లే వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఇంకో తప్పు మన వైపు నుంచి జరుగుతుంది. ఒకే అర్జీలో బస్సు టైమింగ్, షెల్టర్ పైకప్పు, బస్టాండు టాయిలెట్, కండక్టరు ప్రవర్తన అన్నీ రాస్తాం. నాలుగింట్లో ఏదో ఒకదానికి జవాబిచ్చి మొత్తం మూసేస్తారు. ఒక అర్జీకి ఒకే విషయం పెట్టండి.

సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి?

దీని మీద కొంచెం ఎక్కువ సమయం పెట్టండి, ఫలితం ఇక్కడే ఉంది. చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారం. "బస్సు ఎందుకు రావడం లేదు?" అని అడిగితే "రికార్డులో లేని అభిప్రాయాలు, వివరణలు సమాచారం కిందికి రావు" అని తిప్పి పంపుతారు, అది చట్టప్రకారం సరైనదే. "రద్దుకు రిజిస్టరులో నమోదు చేసిన కారణం ఇవ్వండి" అంటే ఇవ్వక తప్పదు.

నమూనా ఇలా ఉండవచ్చు:

"ప్రజా సమాచార అధికారి, (డిపో పేరు) గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. (తేదీ) నుంచి (తేదీ) వరకు 30 రోజులకు, (ఊరు) నుంచి (ఊరు) రూటుకు సంబంధించి: 1. షెడ్యూలు ప్రకారం రోజుకు నడవాల్సిన ట్రిప్పులు, బయల్దేరే సమయాలు. 2. తేదీలవారీగా నడిచిన ట్రిప్పులు, రద్దయిన ట్రిప్పులు. 3. ప్రతి రద్దుకూ రికార్డులో నమోదైన కారణం. 4. అదే కాలంలో ఈ డిపోలో రద్దయిన మొత్తం కిలోమీటర్లు, కారణాలవారీగా. 5. అదే కాలంలో ప్రత్యేక అద్దెకు పంపిన బస్సుల సంఖ్య, తేదీలు, వచ్చిన ఆదాయం. పై రికార్డుల నకళ్లు ఇవ్వగలరు."

ఐదు అంశాలు దాటించవద్దు. ఐదేళ్ల సమాచారం అడిగితే "సేకరించడానికి చాలా సిబ్బంది కావాలి" అంటారు. ఒక నెల అడగండి, అది వచ్చాక ఇంకో నెల. తెలుగులో రాయవచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. డ్రైవర్ల పేర్లు, వాళ్ల సెలవు కారణాలు అడగవద్దు. అవి వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు, మనకూ వాటితో పని లేదు.

ఎవరికి పంపాలో అనుమానం ఉంటే డిపో ఆఫీసులో సమాచార అధికారి బోర్డు చూడండి. ఆ బోర్డు పెట్టాల్సిన బాధ్యత వాళ్లది. తప్పు ఆఫీసుకు పంపినా నష్టం లేదు, సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్లే బదిలీ చేయాలి.

ఫీజు ఎంత? జవాబు రాకపోతే?

10 రూపాయలు. పోస్టల్ ఆర్డరు లేదా కోర్టు ఫీజు స్టాంపు రూపంలో పెట్టవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు నకలు జతచేయాలి. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

గడువు 30 రోజులు. ఆ గడువు దాటాక ఇచ్చే సమాచారానికి నకళ్ల రుసుం అడగకూడదు, సెక్షన్ 7(6) ఆ మాట స్పష్టంగా చెబుతోంది. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దానికి ఫీజు లేదు. అక్కడా కుదరకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా ఆ అధికారి జేబులోంచే కట్టించగలదు. రెండో అప్పీలు విచారణకు రావడానికి చాలా కాలం పడుతుంది కనుక మొదటి అప్పీలునే గట్టిగా రాయండి. ఏ అంశానికి జవాబు రాలేదో అంశం నంబరుతో చూపించండి. బస్సు కేసుల్లో ఎక్కువ సమాచారం ఈ మెట్టులోనే బయటికొస్తుంది.

"ఈ రూటు నష్టాల్లో ఉంది" అంటున్నారు. బస్సు చూస్తే కిక్కిరిసి ఉంటుంది. ఎవరి మాట నిజం?

రెండూ నిజం కావచ్చు. ఆర్టీసీ చూసేది ఎంతమంది నిలబడ్డారన్నది కాదు, ఆక్యుపెన్సీ రేషియో, అంటే నడిపిన సీటు కిలోమీటర్లలో ప్రయాణికులు వాడుకున్నది ఎంత శాతం అన్నది. వాళ్ల మాటల్లో ఓఆర్. లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చూద్దాం. 50 సీట్ల బస్సు, 20 కిలోమీటర్ల ట్రిప్పు. 50ని 20తో గుణిస్తే 1,000 సీటు కిలోమీటర్లు. ఉదయం 75 మంది ఎక్కారు, ఒక్కొక్కరు సగటున 8 కిలోమీటర్లు ప్రయాణించారు. అంటే 600. ఓఆర్ 60 శాతం. కాలు పెట్టే సందు లేని బస్సుకు 60 శాతమే! అదే బస్సు తిరుగు ట్రిప్పులో 10 మంది, ఒక్కొక్కరు 10 కిలోమీటర్లు అయితే 10 శాతం. రెండు కలిపితే 35. డిపో కాగితం మీద అది పనికిరాని రూటు.

అందుకే రూటు సగటు మాత్రమే అడిగి ఊరుకోవద్దు, ట్రిప్పులవారీగా ఓఆర్ అడగండి. ఉదయం 8 గంటల ట్రిప్పు నిండుగా, మధ్యాహ్నం 1 గంట ట్రిప్పు ఖాళీగా ఉందని అంకెలు చెబితే, రూటు తీసేయడం కాదు, మధ్యాహ్నం ట్రిప్పును సాయంత్రానికి జరపడం పరిష్కారం. ఇలాంటి ప్రతిపాదనను డిపో మేనేజరు తన స్థాయిలోనే ఆలోచించగలరు.

రెండో అంకె ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే ఆదాయం. దాన్ని సీపీకేతో, అంటే కిలోమీటరుకు అయ్యే ఖర్చుతో పోల్చి నష్టం అంటారు. ఆ ఖర్చులో సిబ్బంది జీతాలు, ఆఫీసు ఖర్చులు, అప్పుల వడ్డీ అన్నీ ఉంటాయి. ఒక ట్రిప్పు ఆపితే వాటిలో మిగిలేది ఎంత? డీజిలు, టైర్లు, కొంత రిపేరు. జీతం ఎలాగూ ఇవ్వాలి. లీటరుకు 5 కిలోమీటర్లు ఇచ్చే బస్సు 20 కిలోమీటర్ల ట్రిప్పుకు 4 లీటర్లు తాగుతుంది. ఆ 4 లీటర్ల ధర, పైన కొంత కలిపి, ఆ ట్రిప్పు టికెట్ల మొత్తంతో పోల్చి చూడండి. చాలా "నష్టాల" ట్రిప్పులు ఈ లెక్కలో నిలబడతాయి. అధికారితో మాట్లాడేటప్పుడు ఈ తేడా పట్టుకోండి, సంభాషణ స్థాయే మారిపోతుంది.

స్త్రీ శక్తి ఉచిత ప్రయాణానికి జీరో టికెట్ తీసుకోకపోతే ఏమవుతుంది?

2025 ఆగస్టు 15న మొదలైన ఈ పథకంలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లకు ఛార్జీ లేదు. ఆధార్, ఓటరు కార్డు లాంటి గుర్తింపు చూపాలి. ప్రభుత్వం సంస్థకు ఇచ్చే రీయింబర్స్‌మెంట్ జీరో టికెట్ల లెక్క మీదే ఆధారపడుతుంది. మీరు టికెట్ తీసుకోకుండా కూర్చుంటే ఆ ప్రయాణం లెక్కలో లేదు. మీ రూటు ఓఆర్ తగ్గుతుంది, ఆరు నెలల తర్వాత "జనం లేరు" అని బస్సు తీసేయడానికి అదే ఆధారమవుతుంది. ఎక్కువమంది ఎక్కే రూటులో ఇది చిన్న విషయం కాదు. కండక్టరు రద్దీలో మీ దాకా రాలేకపోతే మీరే అడిగి తీసుకోండి.

దీనికి ఇంకో వైపు కూడా చూడాలి. ఎక్కనివాళ్లకూ జీరో టికెట్లు కొట్టి లెక్క పెంచితే అది ప్రజాధనం దుర్వినియోగం. దిగే స్టేజీ తప్పుగా కొట్టినా అంతే. టికెట్ మీద ఎక్కిన, దిగే స్టేజీలు ఒక్కసారి చూసుకోండి.

డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదు. చిల్లర ఇవ్వలేదు.

టికెట్ ఇవ్వకపోవడం, తక్కువ విలువ టికెట్ ఇవ్వడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 178 కింద నేరం. కాల్ సెంటర్‌కు సమయం, బస్సు నంబరు చెప్పండి. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనక రాసి ఇస్తారు, దిగేలోపు అడిగి తీసుకోండి. టికెట్ కాగితం థర్మల్ కాగితం, జేబులో చెమటకు, ఎండకు నాలుగు రోజుల్లో అక్షరాలు చెరిగిపోతాయి. ఫిర్యాదు చేయాలనుకుంటే అప్పుడే ఫొటో తీసి ఉంచండి.

షెల్టర్, బస్ బే, స్టాపులో లైట్లు ఎవరి పని?

బస్టాండు ఆవరణ లోపల ఏది పాడైనా ఆర్టీసీ. కుర్చీలు, ఫ్యాన్లు, తాగునీరు, టాయిలెట్లు కాంట్రాక్టుకు ఇచ్చినా బాధ్యత సంస్థదే. స్టాల్‌లో ఎంఆర్‌పీ మించి అమ్మితే తూనికలు కొలతల శాఖకు లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి.

నగర వీధుల్లో షెల్టర్లు, లైట్లు కార్పొరేషన్‌వి. 16వ నంబరు జాతీయ రహదారి మీద జాతీయ రహదారుల సంస్థ, రాష్ట్ర రహదారుల మీద ఆర్ అండ్ బీ. స్టాపు ఎక్కడ ఉండాలన్నది మాత్రం ట్రాఫిక్ పోలీసులు, ఆర్టీసీ కలిసి తేల్చాలి. షెల్టరు ఒక చోట, బస్సు ఆగేది ఇంకో చోట ఉండడానికి కారణం ఈ రెండు పనులూ రెండు ఆఫీసుల్లో జరగడమే. ఇలాంటివి కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో పెడితే త్వరగా తేలతాయి, అందరు అధికారులూ ఒకే గదిలో కూర్చుంటారు కాబట్టి.

వాన పడిన రోజు సంగతి విడిగా చెప్పాలి. నెల్లూరులో మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండు దగ్గర అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. బస్సుల దారి మళ్లిస్తే మధ్య స్టాపుల్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. నీళ్లు తోడడం కార్పొరేషన్ పని, దారి మళ్లించామని స్టాపుల్లో, యాప్‌లో చెప్పడం ఆర్టీసీ పని. ఏ వానకు ఏ దారి అన్నది ముందే రాసి పెట్టుకోమని వానాకాలం రాకముందే అడగాలి.

షేర్ ఆటోల మీద ఎవరిని అడగాలి?

రవాణా శాఖ, ట్రాఫిక్ పోలీసులు. పర్మిట్‌కు మించి ఎక్కించుకుంటే సెక్షన్ 194ఏ కింద అదనంగా ఉన్న ఒక్కొక్క ప్రయాణికుడికి 200 రూపాయల జరిమానా ఉంది. కానీ ఆటోల మీద దాడులు చేయించి బస్సు వేయకపోతే ఆ రూటు జనానికి రెండూ లేకుండా పోతాయి. ముందు బస్సు అడగండి.

నెల్లూరుకు వచ్చే ఎలక్ట్రిక్ బస్సుల విషయంలో ఏం గమనించాలి?

పీఎం ఈ-బస్ సేవ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టు 16న ఆమోదించింది. రాష్ట్రానికి కేటాయించిన 750 బస్సుల్లో నెల్లూరు వాటా 100. ఒంగోలు ఆ జాబితాలో లేదు, ఈ పథకం ప్రధానంగా 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటిన నగరాలకు.

ఇక్కడ జవాబుదారీతనం మారిపోతుంది. బస్సు ప్రైవేటు ఆపరేటరుది, డ్రైవరూ ఆపరేటరు మనిషే. వాళ్లకు కిలోమీటరు లెక్కన చెల్లింపు, టికెట్ డబ్బు సంస్థకు. కేంద్రం తన వంతుగా 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24, 9 మీటర్ల బస్సుకు 22, 7 మీటర్ల బస్సుకు 20 రూపాయలు ఇస్తుంది, అదీ పదేళ్లు లేదా 2037 మార్చి వరకు, ఏది ముందైతే అది. ఆపరేటరుకు బస్సు నిండినా ఖాళీగా తిరిగినా డబ్బు ఒకటే. కాబట్టి స్టాపులో ఆపేలా, టైముకు వచ్చేలా చేసేది ఒప్పందంలోని జరిమానా నిబంధనలే. ఇవి అడగండి: ఒప్పందం నకలు, రోజుకు బస్సుకు హామీ ఇచ్చిన కిలోమీటర్లు, నడవని కిలోమీటర్లకు కోత ఎంత, స్టాపు దాటేస్తే జరిమానా ఎంత, గత నెలలో అసలు ఎంత కోత విధించారు. చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. నిబంధన కాగితం మీద ఉండి ఒక్క రూపాయి కూడా కోయకపోతే అది లేనట్టే.

"వాణిజ్య రహస్యం, సెక్షన్ 8(1)(డి)" అని తిరస్కరించవచ్చు. ప్రజాధనం చెల్లించే ఒప్పందంలో చెల్లింపు షరతులు, జరిమానాలు తెలుసుకోవడం ప్రజా ప్రయోజనమని సెక్షన్ 8(2) చూపి అప్పీలు చేయండి. మొత్తం ఇవ్వలేకపోతే రహస్యమనిపించిన భాగం కప్పి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 కింద అడగవచ్చు.

కొత్త రూటు, టైమింగ్ మార్పు కావాలంటే?

సంతకాల కట్ట కన్నా ఒక పేజీ పట్టిక బలంగా పనిచేస్తుంది. ఏ ఊరి నుంచి ఎంతమంది, ఏ సమయానికి, ఎక్కడికి, ఇప్పుడు ఎలా వెళ్తున్నారు, ఎంత ఖర్చవుతోంది. కాలేజీ ప్రిన్సిపల్ దగ్గర ఆ ఊరి విద్యార్థుల సంఖ్య, ఆసుపత్రిలో షిఫ్టు వేళలు తీసుకుని జతచేయండి. రోడ్డు వెడల్పు, బస్సు తిరగడానికి చోటు ఉందో లేదో ముందే చూడండి. చివరి స్టాపులో బస్సు మలుపు తిరగలేకపోతే అనుమతి రాదు, ఇది చాలా ఊళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది. రాత్రి హాల్ట్ బస్సు అడుగుతుంటే డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి గది, నీళ్లు, మరుగుదొడ్డి ఊరు ఏర్పాటు చేస్తుందని పంచాయతీ లెటరుహెడ్ మీద రాసి ఇవ్వండి.

చట్టంలో ప్రజల మాటకు చోటుందా?

ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. 1950 చట్టం సెక్షన్ 18 ప్రకారం సమర్థమైన, సరిపడినన్ని, పొదుపైన, సమన్వయంతో కూడిన సర్వీసులు అందించడం సంస్థ సాధారణ విధి. సెక్షన్ 17 కింద ప్రభుత్వం సలహా మండళ్లు ఏర్పాటు చేయవచ్చు. మన ప్రాంతానికి ఒక మండలి కావాలని ఎమ్మెల్యేల ద్వారా అడగడానికి ఇదే ఆధారం. సెక్షన్ 33 కింద సంస్థ లెక్కలను కాగ్ ఆడిట్ చేస్తుంది, ఆ లెక్కలు శాసనసభ ముందుకు వస్తాయి. డిపోలవారీ ప్రశ్న మీ ఎమ్మెల్యే సభలో అడిగితే జవాబు రికార్డులో ఉండిపోతుంది.

రూట్లను ఆర్టీసీకే ప్రత్యేకించే పథకాల విషయంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 99, 100 ప్రకారం ముసాయిదాను స్థానిక భాషా పత్రికలో వేయాలి, 30 రోజుల్లో అభ్యంతరాలు తీసుకోవాలి, విని తేల్చాలి. ఆ వినడం ఎలా ఉండాలో సుప్రీంకోర్టు తేల్చింది మన రాష్ట్రం కేసులోనే. కృష్ణా జిల్లా రూట్ల మీద గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో, 1958 నవంబరులో, విన్నది ఒకరు, నిర్ణయం తీసుకున్నది మరొకరు అయితే అది విచారణ కాదని ఆ పథకాన్ని కొట్టేసింది.

డబ్బు నష్టపోయాను, లేదా ప్రమాదం జరిగింది. ఎక్కడికి వెళ్లాలి?

ఛార్జీ కట్టిన ప్రయాణికుడు సేవాలోపం మీద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. టికెట్, మీరిచ్చిన ఫిర్యాదు నకలు, ఆ రోజు మీరు వేరే బండికి పెట్టిన ఖర్చు రశీదు ఉండాలి. రశీదు లేని నష్టం కమిషన్ ముందు నిలబడదు.

ప్రమాదంలో గాయపడితే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 6 నెలల గడువు పెట్టారు, కాబట్టి వైద్యం పూర్తయ్యాక చూద్దామని ఆగవద్దు. ప్రమాదం మీద మొదటి నివేదికను పోలీసులు 48 గంటల్లో ట్రైబ్యునల్‌కు పంపాలి, దాని నకలు అడిగి తీసుకోండి. ఆసుపత్రిలో చేరినప్పుడే "బస్సు ప్రమాదం" అని కేసు షీటులో రాయించండి. అక్కడ "కిందపడ్డాడు" అని రాసి ఉంటే తర్వాత సరిదిద్దించడం చాలా కష్టం.

ఫిర్యాదు చేస్తే కండక్టరు, డ్రైవరు ఉద్యోగం పోతుందా?

ఒక్క ఫిర్యాదుతో పోదు. వివరణ అడుగుతారు, విచారణ ఉంటుంది, అతని మాట కూడా వింటారు. స్టాపు దాటేసినందుకు ఫిర్యాదు చేసేటప్పుడు బస్సు అప్పటికే నిండి ఉందా, వెనక ఇంకో బస్సు వచ్చిందా అన్నది కూడా ఉన్నదున్నట్టు రాయండి. ఆ వివరమే కొన్నిసార్లు తప్పు సిబ్బందిది కాదని, ఆ వేళకు ఒకే బస్సు వేయడమే అసలు సమస్య అని తేలుస్తుంది. అప్పుడు మీ కాగితం మెమోగా కాకుండా రెండో ట్రిప్పు కోసం ఆధారంగా పనికొస్తుంది.